బిందె తొణకని బండి

బండ్లను పోల్చి రాయడం నా వృత్తి. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. పెళ్ళికి వెళ్తే భోజనాల బంతిలో కూడా నన్ను వదలరు. పక్కన కూర్చున్నవాడు అప్పడం విరుస్తూ, "ఈ రెంటిలో ఏది కొనమంటారు సర్?" అని అడుగుతాడు. ఒకప్పుడు ఆ ప్రశ్న వింటే ఛాతీ ఉబ్బేది. ఇప్పుడు ఒళ్ళు కంపరమెత్తుతుంది. ఎందుకో చెబుతాను.

ఆ ఏడాది కొండదారుల్లో తిరిగే ఏటీవీలకు, అంటే మోటార్ సైకిల్‌లా హ్యాండిల్ ఉండే నాలుగు చక్రాల బండ్లకు, గిరాకీ విపరీతంగా పెరిగింది. వికారాబాద్ అవతలి గుట్టల్లో ట్రైల్ పార్కులు పుట్టగొడుగుల్లా లేచాయి. శనివారం వస్తే చాలు, నగరం జనం హెల్మెట్లు తగిలించుకుని, సెల్ఫీలు దిగుతూ, సీతాఫలం పొదలన్నీ తొక్కించుకుంటూ గుట్టలెక్కేవాళ్ళు. ఎక్కినవాళ్ళలో కొందరు బండి తిరగబడి దాని కిందే పోయేవాళ్ళు. ఆ చావుల మీద నేను పెద్ద వ్యాసం రాశాను. అది చదివి పార్కుల సంఘంవాళ్ళు, ఏ బండి మంచిదో ఉపేంద్ర గారు తేలిస్తే అందరం అదే కొంటాం అని తీర్మానించారు. ఆ ఉపేంద్రను నేనే.

పోటీలో చివరికి మిగిలినవి రెండు. వరాహ ఒకటి, లేడి రెండోది. వరాహ పాతకాలపు మొండి బండి. గుట్ట ఎక్కిస్తుంది, దింపుతుంది, మధ్యలో మన నడుం ఏమైనా దానికి పట్టదు. లేడి సమపథ అనే కొత్త కంపెనీది. ప్రకటనలో ఒక పసిబిడ్డ వెనక సీటులో నిద్రపోతుంటే బండి రాళ్ళమీద పోతుంటుంది. ఆ ప్రకటన చూసినప్పుడే నాకు వెగటు పుట్టింది.

ప్రకటనలకు నా దగ్గర ఒక మందుంది. అంచుదాకా నీళ్ళు నింపిన ఇత్తడి బిందెను వెనక క్యారియర్ మీద కట్టి, పదకొండు కిలోమీటర్ల రాళ్ళదారి నడుపుతాను. చివర్లో ఎన్ని నీళ్ళు మిగిలాయో కొలిచి రాస్తాను. కంపెనీలు చెప్పే గొప్పలన్నీ ఆ బిందె దగ్గర తేలిపోతాయి. కంపెనీలవాళ్ళు దాన్ని తిట్టుకుంటూనే, అది తొణకకుండా ఉండేలా బండ్లు తయారుచేసుకునేవాళ్ళు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి మురిసిపోయేవాణ్ణి. అదీ నా బుద్ధి.

వరాహ మీద ముందు వెళ్ళాను. మూడో కిలోమీటరులో నాలుక కరుచుకున్నాను. ఏడో కిలోమీటరు దగ్గర వాగు రాళ్ళలో బండి ఒక చక్రం గాలిలో, మూడు నేలమీద పెట్టుకుని కాసేపు ఆలోచించి, ఎలాగో పైకి పాకింది. దిగేసరికి నా వీపంతా తడిసింది. బిందెలో సగం కంటే తక్కువ నీళ్ళు మిగిలాయి.

లేడిని హరిణి తెచ్చింది. హరిణి ఆరేళ్ళు మా పత్రికలో నాకు సహాయకురాలు. ఆ బిందెను నింపింది, కట్టింది, కొలిచింది తనే. రెండేళ్ళ క్రితం సమపథలో ఇంజినీరుగా చేరింది. బిందెను నాకంటే ముందు తనే క్యారియర్ మీద పెట్టి, తాడు ముడి వేసి, "ఇంక పోనివ్వండి సర్" అంది.

మొదటి కిలోమీటరులోనే నాకు ఏదో తేడాగా అనిపించింది. రాయి తగిలీ తగలకముందే చక్రం కాస్త ముడుచుకుంటోంది. పల్లంలోకి దిగబోతుంటే బండి ముందుగానే ఎగువవైపుకు ఒరుగుతోంది. తలమీద బరువున్న మనిషి గట్టు దిగేటప్పుడు నడుం తిప్పినట్టు ఉంది ఆ కదలిక. వరాహ ఆలోచించిన వాగు దగ్గర ఇది అడుగులు వెతుక్కుంటూ దాటేసింది. పదకొండు కిలోమీటర్లూ చుట్టి బయల్దేరిన చోటికే వచ్చాక దిగి చూశాను. ఒక్క చుక్క చిందలేదు.

నాకు సంతోషం కలగలేదు. ఉక్రోషం వచ్చింది. ఇరవై ఆరేళ్ళలో నా బిందెను ఎవరూ గెలవలేదు. మళ్ళీ ఎక్కి, ఎదురుగా ఉన్న చదును నేలమీద హ్యాండిల్ పూర్తిగా తిప్పి, గిరగిరా చుట్లు కొట్టించాను. ట్రైల్ మీద ఎవడూ అలా నడపడు. అది పరీక్ష కాదు, కసి. తొమ్మిది, పది, పదకొండు. పన్నెండో చుట్టులో నాలుగు చక్రాలూ ఒక్కసారిగా వణికాయి. బండి ముందుకు వంగింది, లేచింది, మళ్ళీ వంగింది. తర్వాత సస్పెన్షన్ మొత్తం దిగిపోయి చతికిలబడింది. బిందెలోంచి దోసెడు నీళ్ళు కిందపడ్డాయి.

"ఆపండి సర్! చాలు!" హరిణి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది దీనికి?"

"సాఫ్ట్‌వేర్ సర్. చిన్న ప్రాబ్లమ్."

అంటూ తను బండివైపు చూడలేదు. ట్రైల్ మొదట్లో, యాంటెన్నా ఉన్న తెల్ల రేకుల షెడ్డువైపు చూసింది. అప్పుడే అందులోంచి ఒక మనిషి బకెట్ పట్టుకుని బయటికొచ్చి, పొదల్లో కుమ్మరించి, కుళాయి కింద కడిగాడు. గాలి మావైపే వీస్తోంది. ఘాట్ రోడ్ల మీద ఎన్నో ప్రయాణాలు చేసినవాణ్ణి, ఆ వాంతి వాసన నాకు తెలుసు. హరిణి నా చెయ్యి పట్టుకుని ఆపబోయింది. విదిలించుకుని షెడ్డులోకి వెళ్ళాను.

లోపల ఒక కుర్చీ నేలకు బోల్టులతో బిగించి ఉంది. అందులో ముప్పయ్యేళ్ళ ఆడమనిషి. నడుముకూ భుజాలకూ పట్టీలు కట్టారు. కుడిచెవి వెనక, గొరిగిన చోట, రూపాయి బిళ్ళంత గుండ్రటి లోహం చర్మంలో దిగి ఉంది. గడ్డం మీద ఇంకా చొంగ కారుతోంది. బకెట్ కడిగిన మనిషి లోపలికొచ్చి తడిబట్టతో ఆమె మొహం తుడవడం మొదలుపెట్టాడు. ఆమె కళ్ళు మెల్లగా నామీద నిలిచాయి.

"ఇప్పుడు గిర్రగిర్ర తిప్పింది నువ్వేనా సారూ?"

నేను అవునన్నాను. ఆమె కోపంగా కూడా చూడలేదు. "గట్ల తిప్పకు" అంది అంతే. ఆమె పేరు మన్నెమ్మ. తుడుస్తున్నది ఆమె భర్త కుర్మయ్య, తాపీమేస్త్రి. ఇద్దరూ పాలమూరు నుంచి పనికి వచ్చినవాళ్ళు.

బయట మెకానిక్ ఎవడో లేడి కుడివైపు మూలను చేత్తో నొక్కినట్టున్నాడు. తలుపులోంచి ఆ బండి వంగడం కనిపించింది. అదే క్షణంలో మన్నెమ్మ మెడ ఎడమకు వాలింది, ఎడమ తొడ బిగుసుకుంది. వెంటనే అక్కడ బండి సర్దుకుని సమంగా నిలబడింది. ఇంక ఎవరూ వివరించక్కర్లేదు, అయినా హరిణి వివరించింది.

"వంపు కొలిచే మీటర్లు ప్రతి బండికీ ఉన్నాయి సర్. అవి ఒరిగాక చెబుతాయి. మనిషి ఒళ్ళు ఒరగబోతుండగానే సర్దుకుంటుంది. పడిపోతానన్న భయం మీటరుకు లేదు కదా. అందుకే బండి వంపును, ఒంటి నిలకడ చూసే ఆమె లోపలి చెవికి పంపుతాం. ఆమె ఒళ్ళు సర్దుకున్న తీరును చక్రాలకు పంపుతాం. మా ఆఫీసు కడుతున్నప్పుడు చూశాను ఈమెను. నెత్తిమీద కాంక్రీటు తట్ట, చేతులు వదిలేసి, తొమ్మిదో అంతస్తుకు చెక్కల మీద ఎక్కుతోంది. నాకు వెంటనే మీ బిందె గుర్తొచ్చింది సర్."

నా బిందె. ఆ మాట వినగానే నామీద నాకే రోత పుట్టింది.

"ఈమె ఒప్పుకుందా?"

"సంతకం ఉంది సర్."

మన్నెమ్మ నవ్వింది. "ఎండల తట్ట మోసుడు లేదు, నీడకు కుర్సీల కూసునుడే అన్నరు సారూ. చెవి మిషను లెక్కనే ఉంటదన్నరు. కూసునే పని ఎవలకు చేదు?"

హరిణి గొంతు తగ్గించింది. "తిరగబడి చచ్చినవాళ్ళ లెక్క మీరే రాశారు సర్. పదిహేడు మంది. ఈ బండి తిరగబడదు. అది చిన్న విషయమా? పైగా ఎనిమిది బండ్లకు ఒక మనిషి చాలేలా చేస్తున్నాం."

"ఎనిమిది బండ్లు ఒకేసారి ఈమె తలలోనా?"

"అలవాటైపోతుంది సర్."

ఆరేళ్ళు నా పక్కన కూర్చుని టీ తాగిన పిల్ల. కంపెనీల అబద్ధాలు చూసి నాకంటే ఎక్కువ తిట్టిన పిల్ల. ఛీ అని బయటికొచ్చేశాను. చూసిందంతా రాస్తాను, వరాహకు ఓటేస్తాను, లేడి పేరు చెబితే జనం ఉమ్మేసేలా చేస్తాను అనుకుంటూ కారు తలుపు తీశాను. వెనకనుంచి కుర్మయ్య వచ్చి తలుపు పట్టుకున్నాడు.

"సారూ, రాసేముందుగాల ఒక్కసారి మా ఇంటికి రాండ్రి."

మర్నాడు పొద్దున ఆరింటికి వెళ్ళాను. గుట్ట కింద కూలీల రేకుల గదులు వరసగా ఉన్నాయి. చివరి గదిలో మన్నెమ్మ నేలమీద బోర్లా పడుకుని ఉంది. నిద్రపోవడం లేదు, రెండు చేతులతో చాప అంచులు పట్టుకుని ఉంది. కూర్చోబెడితే పక్కకు పడిపోతోంది. బయటికి పోవాలంటే మోకాళ్ళ మీద పాకాలి. పాకుతూ గడపకు తల కొట్టుకుంది. నుదుటి మీద పాత దెబ్బలు మానుతూ కొత్తవి పడుతూ ఉన్నాయి. గదిలో మూత్రం వాసన. కుర్మయ్య సిగ్గుపడుతూ గోనెసంచి ఒకటి తడి నేలమీద కప్పాడు.

ఆరున్నరకు కంపెనీ మెకానిక్ లేడిని నడుపుకుంటూ వచ్చి, గది ముందు చదును చూసి ఆపి, ఇంజను ఆపకుండా వెళ్ళిపోయాడు. మన్నెమ్మ కళ్ళు తెరిచింది. గోడ పట్టుకుంది. వదిలింది. లేచి నిలబడింది. చకచకా ఊడ్చింది, స్టవ్ ముట్టించింది, అన్నం పడేసింది, చీర తీసుకుని దడి వెనక స్నానానికి వెళ్ళొచ్చింది. దారిన పోయే కుక్క ఒకటి బండి ఎక్కి సీటు మీద కూర్చుంటే చెంబు చేతిలో ఉండగానే ఒక పక్కకు తూలింది. కుర్మయ్య రాయి విసిరాడు.

"రోజూ రెండు గంటలు పెడ్తరు సారూ" అన్నాడు. "బండి సమంగ నిలవడ్డ గా రెండు గంటలే మా ఆడిది మనిషి. బండి బందయితే మల్ల చాప మీదనే. ఏడు నెలలాయె, సొంత చెవులు పని మర్శిపోయినయంట. మీరు వరాహ మంచిదని రాస్తే కంపెనోల్లు బండి ఏస్కొని పోతరు. అప్పుడు గీ రెండు గంటలు గూడ ఉండయి."

లేడికి ఓటేస్తే ఇలాంటి ఆడవాళ్ళు ఇంకెందరో కుర్చీల్లో కూర్చుంటారు. వరాహకు ఓటేస్తే ఈమె జన్మలో లేచి నిలబడదు. రెండు బండ్లలో ఏది మంచిదో ఇట్టే చెప్పగలనని పేరున్నవాణ్ణి. ఆ గడప ముందునుంచి తిన్నగా హరిణి దగ్గరికి పోయాను.

"మళ్ళీ మామూలు కాదా?" అని హరిణిని నిలదీశాను.

"కావచ్చు సర్. బండి నుంచి వచ్చే సంకేతాన్ని రోజుకు కాస్త తగ్గిస్తూ పోతే సొంత చెవులు మళ్ళీ పని మొదలుపెడతాయని డాక్టర్ అంటున్నారు. మూడు నాలుగు నెలలు పడుతుంది. కానీ నయమైన మనిషి కంపెనీకి ఎందుకు?"

మా వృత్తిలో ఒక ఆనవాయితీ ఉంది. బండి సంగతి రెండు రోజుల్లో తేల్చలేం, కొన్నాళ్ళు మా దగ్గరే ఉంచండి అని అడిగితే కంపెనీలు కాదనవు. దాన్ని దీర్ఘకాల పరీక్ష అంటాం. నిజానికి సగంమంది ఆ వంకతో పిల్లల్ని బడికి దింపుకుంటారు, నేనూ దింపుకున్నాను. ఆ వంకనే ఇప్పుడు వాడాను. నాలుగు నెలలు లేడి నా దగ్గరే ఉండాలి, మన్నెమ్మ కూడా ఆ బండితోపాటే ఉండాలి, అప్పుడే తీర్పు అన్నాను. గెలుపు ఖాయమనుకున్న సమపథ ఒప్పుకుంది. సంకేతం తగ్గించే మీట హరిణే తెచ్చి ఇచ్చింది. జాలితో కాదు. "మానిపించినప్పుడు ఏమవుతుందో కూడా మాకు డేటా కావాలి సర్" అంది. ఆ మాటకు చెంప పగలగొట్టాలనిపించింది. మీట మాత్రం తీసుకున్నాను.

ఆ నాలుగు నెలలూ నేను బండి నడపలేదు. పొద్దున్నే వచ్చి గది ముందు దాన్ని ఆన్ చేసి, మీట ఒక గీత తగ్గించి, కుర్మయ్యతో కలిసి మన్నెమ్మకు చెరో పక్కన నిలబడేవాణ్ణి. ఒక గీత తగ్గితే మూడు రోజులు వాంతులు. పట్టుకోబోతే మా చేతులు గోళ్ళతో రక్కేది. "ఒక్కసారి మొత్తం పెట్టుండ్రి, కాళ్ళు మొక్కుత" అని ఏడ్చేది. కుర్మయ్య పెట్టబోయేవాడు, నేను గుంజుకునేవాణ్ణి. నేను ఇంటికెళ్ళి చొక్కా విప్పితే మా ఆవిడ ముక్కు మూసుకునేది. పరీక్ష ఇంకా ఎన్నాళ్ళని పార్కుల సంఘం ఫోన్లు చేసింది. ముసలాడికి పస అయిపోయిందని కుర్ర విలేఖర్లు రాశారు.

నాలుగో నెల చివర్లో ఒకరోజు మన్నెమ్మ తనే బండి తాళంచెవి తిప్పి ఇంజను ఆపేసింది. గోడ పట్టుకుని నిలబడింది. గోడ వదిలి ఏడడుగులు వేసింది, తాగినవాళ్ళు వేసినట్టు. ఎనిమిదో అడుగుకు పడిపోయింది. దానికంటే బాగుపడదని డాక్టర్ తేల్చేశాడు. తట్ట మోయడం ఇంక ఈ జన్మకు లేదు.

అప్పుడు రాశాను. కుర్చీ, బకెట్, చెవి వెనక బిళ్ళ, నేను కొట్టించిన పన్నెండు చుట్లు, ఏదీ దాచలేదు. నా బిందె వల్లే ఇదంతా జరిగిందనీ, ఆ పరీక్ష ఇకమీదట చెయ్యననీ రాశాను. గుట్టలెక్కాలనుంటే నడుం విరిగినా వరాహ ఎక్కండి, లేకపోతే కాళ్ళున్నాయి కాబట్టి నడవండి అని ముగించాను.

మూడు వందలకు పైగా ఉత్తరాలొచ్చాయి. నేను ఏమేమో ఊహించుకున్నాను. ఒకాయన కళ్ళు చెమర్చాయని రాసి, కింద "అంటే లేడిలో నిజంగానే చుక్క చిందదన్నమాట. బుకింగ్ ఎప్పుడు?" అని అడిగాడు. ఒకావిడ, తన మామగారికి మోకాళ్ళ నొప్పులనీ ఏ రంగు బాగుంటుందో చెప్పమనీ అడిగింది. పార్కుల సంఘం నా వ్యాసంలో చుక్క చిందలేదన్న మొదటి పేరా మాత్రం కత్తిరించి పోస్టరు వేసుకుని, అరవై నాలుగు లేడి బండ్లకు ఆర్డరిచ్చింది. ఆ ఉత్తరాలు చదువుతుంటే కుర్చీ పక్కనున్న బకెట్టే నయమనిపించింది.

అరవై నాలుగు బండ్లంటే ఎనిమిది మంది మనుషులు. వారం తిరక్కముందే కుర్మయ్య ఫోన్ చేశాడు.

"సారూ, శంషాబాద్ తోవల మా కూలీల అడ్డ మీదికి కంపెనీ వ్యాను వచ్చిందంట. తట్టలు మోసేటోల్లనే ఏరుకుంటున్నరంట. మన్నెమ్మ పోతనంటున్నది. కారు తెస్తరా?"

మేం వెళ్ళేసరికి ఏడున్నర. అడ్డా మీద నూటయాభై మంది దాకా ఉన్నారు, సద్ది గిన్నెలు, పారలు, తట్టలు పక్కన పెట్టుకుని. వ్యాను పక్కన హరిణి నిలబడి ఫోటో ఒకటి చూపిస్తోంది. అందులో ఏసీ గది, మెత్తటి కుర్చీ, నవ్వుతున్న ఆడమనిషి. అప్పటికే ఆరుగురు వ్యానులో కూర్చున్నారు. నేను హరిణి దగ్గరికి వెళ్ళి అరిచాను. నా వ్యాసం ఉన్న పత్రిక పైకెత్తి అందరికీ చూపించాను. ఎవరీ ముసలాయన అన్నట్టు చూశారు కొందరు. ఒకామె మాత్రం, "చదువు రాదు సారూ" అంది.

మన్నెమ్మ కారు దిగింది. కారు ప్రయాణానికే ఆమె మొహం పాలిపోయింది. దగ్గర్లో ఉన్న ముసలామె తట్ట అడిగి తీసుకుంది. ఖాళీ తట్ట. చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, దానిమీద తట్ట పెట్టుకుని, చేతులు వదిలి, చదునైన తారురోడ్డు మీద నడిచింది. మూడో అడుగుకు తట్ట కిందపడి చప్పుడు చేసింది. ఆమె ఆగలేదు. ఒక పక్కకు ఒరుగుతూ, ఎక్కడో గాలిలో గోడ ఉన్నట్టు చేత్తో వెతుక్కుంటూ ఇంకో నాలుగడుగులు వేసి మోకాళ్ళ మీద కూలబడింది. కుర్మయ్య ముందుకు ఉరికాడు.

"పట్టుకోకు" అంది. "సూడనియ్యి."

అక్కడే, అందరి ముందూ వాంతి చేసుకుంది. మూతి తుడుచుకుని వ్యానువైపు చూసింది. "తొమ్మిదంతస్తులు ఎక్కినదాన్ని. ఎన్నడు తట్ట జారలే. కుర్సీల కూసున్న, గిట్లయిన."

తట్ట మోసేవాళ్ళకు ఆ నడక అర్థమవుతుంది. ఇంకెవరికీ అంతగా అర్థం కాదు. వ్యానులోంచి ఒకామె దిగింది. తర్వాత ఇద్దరు. ఆమెది ప్రత్యేకమైన కేసు, అందరికీ అలా కాదు అని హరిణి గట్టిగా చెబుతూనే ఉంది. తట్ట ఇచ్చిన ముసలామె వెళ్ళి ఆ తట్ట తీసుకుని, వ్యాను తలుపు ముందు బోర్లించి దానిమీద కూర్చుంది. ఆరుగురూ దిగిపోయారు.

హరిణి నావైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో సిగ్గేమైనా ఉందేమోనని వెతికాను, చిరాకే ఉంది. వ్యాను ఖాళీగా బయల్దేరి, వెనక్కి మళ్ళకుండా ముందుకే పోయింది.

"ఇంకో అడ్డకు పోతున్నరు" అన్నాడు కుర్మయ్య.

మన్నెమ్మ కారు డోరు పట్టుకుని లేచింది. "పట్నంల అడ్డలు ఎన్నుంటయి సారూ?"

"వంద దాకా ఉంటాయి."

ఆమె నా పక్క సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుని, రెండు చేతులతో సీటు అంచులు పట్టుకుంది. వ్యాను వెనకే పోనిచ్చాను. మొదటి మలుపులోనే నా ఒళ్ళోకి వాంతి చేసుకుంది. వెచ్చగా తొడల మీదికి జారింది. బ్రేకు మీద కాలు పెట్టాను.

"ఆపకు సారూ" అంది కళ్ళు తెరవకుండానే. "వ్యాను పోతున్నది."